ఇరవై ఐదు సూదులు

సెప్టెంబర్ 18, ఆదివారం

కోపం ఏమీ లేదు. ఎందుకుంటుంది? కంప్యూటర్ ఎవరి పేరు చెప్పి కొంటే ఏం, వచ్చేది ఇంట్లోకే కదా.

నన్నెవరూ అడగలేదు. నేనే రాసుకుంటున్నాను. ఫోన్లో ఒక మెసేజీకి నూట అరవై అక్షరాలే పడతాయి. నాది అంతలో అయ్యేది కాదు. అందుకని ప్రభాకర్ సార్ షాపులో మిగిలిపోయిన ఈ డైరీ తెచ్చుకున్నాను. మీద 2009 అని ఉంది. వారాలు కలవవు, కొట్టేసి రాస్తున్నాను.

మధ్యాహ్నం అన్నం తినేటప్పుడు నాయిన చెప్పాడు, దసరాకు కంప్యూటర్ తెద్దామని. చెల్లె కావ్య ఇంటర్‌లో చేరింది కాబట్టి దానికి పనికొస్తుందట. ఈ నెలంతా లో వోల్టేజి. ఊళ్ళలో బోరు మోటర్లు కాలిపోయి అన్నీ నాయిన వైండింగ్ షాపుకే వస్తున్నాయి. మోటర్లు కాలితేనే మా ఇంట్లో పొయ్యి వెలుగుతుంది. తెలంగాణ సమ్మె మొదలై ఆరు రోజులు, ఊరంతా బందు, నాయినకు మాత్రం ఊపిరి తీసుకునే తీరిక లేదు. సమ్మె పుణ్యమా అని కంప్యూటర్ వస్తోంది. ఈ మాట బయట అంటే తంతారు.

కావ్య ఎగిరి గంతేసింది. అమ్మ ఎక్కడ పెట్టాలో చూడటానికి లేచింది. నేను పప్పు కలుపుకున్నాను.

నాకెందుకు కావాలో రాస్తాను. ప్రభాకర్ సార్ డీటీపీ షాపులో రెండేళ్ళ నుంచి తెలుగు టైపు చేస్తున్నాను. లగ్గం పత్రికలు, కరపత్రాలు, రసీదు బుక్కులు. చదివింది ఏడో తరగతి. బడిలో రాని భాష టైపు చేసి చేసి వేళ్ళకు వచ్చింది, అందుకే రాస్తే ఇలా అచ్చు కాగితంలా వస్తుంది. నోటికి మాత్రం రాదు. షాపుకు వచ్చినవాళ్ళతో మాట్లాడేదంతా సారే. నేను గోడ వైపు తిరిగి కొడుతూ ఉంటాను. సార్ ఈ నెలాఖరుకు షాపు తీసేస్తున్నాడు. తూప్రాన్‌లో బావమరిదితో కలిసి ఫ్లెక్సీ మిషన్ పెడుతున్నాడు. నిన్న పిలిచి తెలుగు సాఫ్ట్‌వేర్ సీడీ, దాని లాక్ నా చేతిలో పెట్టాడు.

లాక్ అంటే అగ్గిపెట్టె అంత ఉంటుంది. ఒక వైపు ఇరవై ఐదు సూదులు. కంప్యూటర్ వెనక దానికి సరిపోయే ఇరవై ఐదు రంధ్రాల జాగా ఉండాలి, అందులో గుచ్చితేనే తెలుగు సాఫ్ట్‌వేర్ తెరుచుకుంటుంది. గుచ్చకపోతే ఒక్క అక్షరం రాదు. ఇప్పుడొచ్చే కంప్యూటర్లలో చాలావాటికి ఆ జాగా ఉండటం లేదట.

సార్ ఒకటే చెప్పాడు. "కొనేటప్పుడు ముంగట చూడకు, ఎనుక చూడు. ఇది పట్టకపోతే ఆ కంప్యూటర్ నీకు ఎందుకూ పనికిరాదు."

ఇది పడితే సార్ దగ్గరికి వచ్చే పనంతా నేను ఇంట్లో కూర్చుని చేసుకోవచ్చు. ఎవరితో మాట్లాడే పని లేదు. పట్టకపోతే దసరా తెల్లారి నుంచి నాయిన వెంట వైండింగ్ షాపే. నాయిన ఆ మాట ముందే చెప్పాడు. అక్కడ రైతులు పొలం ఎండిపోతుందని మీద పడతారు, జవాబు చెప్పాలి. వేసవిలో వారం రోజులు కూర్చున్నాను. ఒకాయన నన్ను మూగవాడనుకుని చేతులతో సైగలు చేశాడు. నేను కూడా సైగలతోనే జవాబిచ్చాను. ఆయనకు పని అయింది, వెళ్ళిపోయాడు.

నాయినకు రేపు పొద్దున చెప్తాను.

సెప్టెంబర్ 19, సోమవారం

బస్సులు కూడా బందైనాయి. నాయిన పొద్దున్నే వెళ్ళిపోయాడు. లేకపోతే చెప్పేవాడినే.

సెప్టెంబర్ 21, బుధవారం

మా నాయిన తనంతట తాను చెప్పు కూడా కొనడు. కొనే ముందు మదన్ మోహన్ పటేల్‌ను అడుగుతాడు. పటేల్‌ది నిజాంపేట. నాలుగు బోర్లు, కారు, పెట్రోల్ బంకులో వాటా. ఆయన మోటర్లన్నీ ఇరవై ఏళ్ళ నుంచి నాయినే చుడుతున్నాడు. మా ఇంటి గ్రైండర్, మంచం, కావ్య కాలేజీ, అన్నీ పటేల్ చెప్పినవే. అడిగితే తప్పేముంది, తెలిసినోళ్ళు కదా అంటాడు నాయిన.

ఈ రోజు పటేల్ నాయిన షాపుకు వచ్చాడు. నేను రాగి తీగ చుట్ట పట్టుకుని అక్కడే ఉన్నాను. వచ్చే వారం సికింద్రాబాద్‌లో పని ఉందట, బస్సులు లేవు కాబట్టి తన కారులోనే తీసుకెళ్ళి ఇప్పిస్తానన్నాడు. స్క్రీన్ పెద్దది ఉండాలట. డబ్బా సన్నగా నల్లగా ఉండాలట. ఆయన కొడుక్కు అలాంటిదే కొన్నాడట. నాయిన ప్రతి మాటకూ తల ఊపాడు. "మీరు చెప్పినంక ఇంకేమున్నది పటేలా" అన్నాడు.

నా వైపు చూసి పటేల్ నవ్వాడు. "పిలగాన్ని గూడ తోలుకరా బిక్షపతీ. డబ్బాలు మోస్తడు."

మోస్తాను. ఎందుకు మోయను?

సెప్టెంబర్ 22

చెప్పలేదు.

సెప్టెంబర్ 24, శనివారం

కావ్యకు చెప్పాను. అంటే మెసేజీ పెట్టాను. అది వంటింట్లో ఉంది, నేను ముందర అర్రలో ఉన్నాను. లాక్ సంగతి, వెనక రంధ్రాల సంగతి, మూడు మెసేజీలు. అది ఫోన్ పట్టుకుని వచ్చి నా ముందు నిలబడింది. చదువుకున్నది కదా, వెంటనే అర్థమైంది.

"ఇంత ముచ్చట పెట్టుకుని వారం దినాలు సప్పుడు జేయకుంట కూసున్నవా అన్నా? నేను చెప్పాల్నా నాయినకు?"

వద్దన్నాను. నా సంగతి నేనే చెప్పుకుంటానన్నాను. ప్రతిదానికీ చెల్లెను అడ్డం పెట్టుకుంటే ఏం బాగుంటుంది? పైగా దాని కోసం కొనే కంప్యూటర్‌లో నేను వాటా అడుగుతున్నట్టు ఉంటుంది. తప్పకుండా చెప్తానని ఒట్టు పెట్టుకోమంది. పెట్టుకున్నాను.

సెప్టెంబర్ 26

నాయినకు జ్వరం. జ్వరంలో ఏం చెప్తాం.

సెప్టెంబర్ 27

జ్వరం తగ్గింది. కానీ నీరసంగా ఉన్నాడు.

సెప్టెంబర్ 29, గురువారం

రాయాలని లేదు. అయినా రాస్తాను.

తెల్లవారుజామున బయలుదేరాం. పటేల్ నడుపుతున్నాడు, నాయిన పక్కన, నేను వెనక. తూప్రాన్ దగ్గర హైవే మీద సమ్మెవాళ్ళు ఆపేశారు. రోడ్డుకు అడ్డంగా రాళ్ళు పెట్టి పొయ్యిలు వెలిగించారు. వంటావార్పు. లారీలు కిలోమీటరు దాకా నిలబడ్డాయి. పటేల్ దిగి తనకు తెలిసిన నాయకుల పేర్లు చెప్పాడు. ఎవరూ వినలేదు. వండినది తిన్నాకే దారి ఇస్తామన్నారు. పటేల్ కారులో ఏసీ వేసుకుని పడుకున్నాడు. నాయినకు ఊరికే కూర్చోవటం రాదు, వెళ్ళి ఉల్లిగడ్డలు కోయటానికి కూర్చున్నాడు. నేనూ కూర్చున్నాను.

మైకులో ఒకతను కరపత్రం చదువుతున్నాడు. రెండో వాక్యానికి గుర్తుపట్టాను. నేను టైపు చేసిందే. ప్రభాకర్ సార్ రాసి ఇస్తే పోయిన వారం కొట్టాను. ఎక్కడ పేరా విరిచానో అక్కడే అతను ఊపిరి తీసుకుంటున్నాడు. జనం చప్పట్లు కొట్టారు. నాయినకు చెప్పాలనిపించింది, ఇది నాదే అని. ఉల్లిగడ్డకు కళ్ళల్లో నీళ్ళు వస్తున్నాయి.

విస్తరాకుల్లో కిచిడీ పెట్టారు. రోడ్డు మీదే బాసిపట్లు వేసుకుని ఇద్దరం పక్కపక్కన తింటున్నాం. అప్పుడు నాయిన నా వైపు చూడకుండానే అడిగాడు.

"నీకేమన్న కావాల్నారా అండ్ల? కంప్యూటర్ల?"

జీవితంలో నన్ను అలా అడగటం మొదటిసారి.

"ఏం లేదు" అన్నాను.

అప్పుడు మైకు మోగుతోంది. చెప్పినా వినబడేది కాదు.

సికింద్రాబాద్ చేరేసరికి సాయంత్రం నాలుగు. అంతస్తులంతా కంప్యూటర్ షాపులే. పటేల్ తనకు తెలిసిన షాపుకే తీసుకెళ్ళాడు. నల్లది, సన్నది, ముందర నీలం లైటు. పటేల్ దాని మీద గేదెను కొన్నప్పుడు చరిచినట్టు చరిచాడు. నేను వెనక్కి పోయి చూశాను. చిన్న చిన్న సందులే ఉన్నాయి, ఇరవై ఐదు రంధ్రాలది లేదు. కింద ర్యాకులో బూడిద రంగుది ఒకటి ఉంది. దాని వెనక ఉంది. గులాబీ రంగులో, పొడుగ్గా. వేలు పెట్టి లెక్కపెట్టాను. పైన పదమూడు, కింద పన్నెండు.

షాపు అతను చూసి, అది పాత మోడల్ అన్నాడు. పాతది మనకెందుకు అన్నాడు పటేల్. నాయిన నా వైపు ఒకసారి చూశాడు. నేను బూట్లు చూసుకున్నాను. నావి బూట్లు కావు, చెప్పులు.

ఫోన్ తీసి పటేల్ నంబరుకు మెసేజీ రాశాను. కింద ర్యాకులది తీసుకుందాం, దాని వెనక తెలుగు లాక్ పడుతుంది, అని. నూట అరవైలోపే వచ్చింది. పంపలేదు. బ్యాలెన్స్ లేదు.

బిల్లు అయిపోయింది. డబ్బాలు నేనే మోశాను. షాపు అతను ఒక మాట చెప్పాడు, వారం లోపల స్క్రూ మీద అంటించిన సీలు పోకుండా తెస్తే వేరేది మార్చి ఇస్తామని. వారం. అంటే వచ్చే బుధవారం దాకా. బుధవారం పటేల్ మళ్ళీ సికింద్రాబాద్ వస్తాడట. ఇంకేం, దారి దొరికింది.

మేడ్చల్ దాటాక కావ్య నుంచి ఒకటే మెసేజీలు, కంప్యూటర్ ఎలా ఉంది ఎలా ఉంది అని. నాలుగు మెసేజీలకు జవాబిచ్చాను. చెప్పావా అని అడిగినదానికి ఇవ్వలేదు.

సెప్టెంబర్ 30, శుక్రవారం

కావ్య డబ్బా చుట్టూ తిరిగి వెనక్కి వెళ్ళి చూసింది. నా ముఖం చూసింది. వంటింట్లోకి వెళ్ళిపోయింది. తిట్టినా బాగుండు.

అమ్మ పాత చీర చించి కంప్యూటర్‌కు కప్పు కుట్టింది. కరెంటు లేదు కాబట్టి ఎవరూ ఆన్ చేయలేదు. దసరా నాడు పూజ చేసి ఆన్ చేద్దామన్నాడు నాయిన. మంచిదే. అప్పటిదాకా ఎవరూ ముట్టకపోతే సీలు పోదు.

ప్రభాకర్ సార్ ఈ రోజు షాపు ఖాళీ చేశాడు. చౌరస్తాలో అందరికీ నా పేరు చెప్పి వెళ్ళాడట, తెలుగు టైపు ఏమన్నా ఉంటే చంద్రకాంత్ ఇంటికి పోండి అని. ఇద్దరు అప్పుడే ఫోన్ చేశారు. ఎత్తలేదు.

అక్టోబర్ 1

చెప్పలేదు. ఇంకా నాలుగు రోజులుంది.

అక్టోబర్ 2

ఇంకా మూడు రోజులు.

అక్టోబర్ 3

నాయిన రెండు రోజుల నుంచి ఏదో ఆలోచిస్తున్నాడు. అన్నం దగ్గర కూడా వేళ్ళతో గాలిలో ఏదో లెక్కపెడుతున్నాడు. అలా ఉన్నప్పుడు కదిలించకూడదు. రేపు కచ్చితం.

అక్టోబర్ 4, మంగళవారం

చెప్పాను.

అమ్మ వాకిట్లో కూర్చుని సద్దుల బతుకమ్మ పేరుస్తోంది. గునుగు పువ్వుకు రంగు అద్ది ఇస్తూ ముందు అమ్మకు చెప్పాను. అమ్మకు లాక్ గీక్ ఏమీ అర్థం కాలేదు. అర్థమైంది మాత్రం సరిగ్గా అర్థమైంది. "గిది పడకుంటె నువ్వు షాపుల కూసోవాలె. గంతే గద? నాకు జెప్తె ఏమొస్తది కొడుకా, పో, పోయి మీ నాయినకు జెప్పు" అని చెయ్యి దులిపింది.

నడిచి వెళ్ళాను. దారిలో వాక్యం తయారు చేసుకున్నాను. షాపులో ఇద్దరు రైతులు ఉన్నారు, వాళ్ళు పోయేదాకా ఎదురుగా కిరాణా దగ్గర నిలబడ్డాను. తర్వాత లోపలికి వెళ్ళి లాక్ తీసి బల్ల మీద పెట్టి అంతా చెప్పాను. తయారు చేసుకున్న వాక్యం రాలేదు, వేరేదేదో వచ్చింది. రేపు పటేల్ కారులో పంపి మార్పిద్దాం అన్నాను.

నాయిన లాక్ తీసి తిప్పి తిప్పి చూశాడు.

"సీలు పోయింది గదరా" అన్నాడు.

శనివారం పొద్దున ఇంట్లో ఎవరం లేనప్పుడు కంప్యూటర్ డబ్బా విప్పాడట. మా నాయిన ఏ కొత్త మోటరు వచ్చినా విప్పి లోపల చుట్టు చూడకుండా కరెంటు ఇవ్వడు. కంపెనీవాడిని నమ్మి నడిపితే కాలేది మన చెయ్యి అంటాడు. కంప్యూటర్‌నూ అలాగే విప్పాడు. స్క్రూ మీద అంటించిన కాగితాన్ని ఏదో ధర కాగితం అనుకుని గోటితో గీకేశాడు. వారం సంగతి షాపు అతను చెప్పింది డబ్బాలు మోస్తున్న నాకు. నాయిన అప్పుడు కింద పటేల్‌తో ఉన్నాడు.

నేను గురువారం రాత్రి ఆ ఒక్క మాట ఇంట్లో అన్నా సరిపోయేది. సీలు తీయొద్దు నాయినా అని.

బతుకమ్మ దగ్గర కావ్య ఆడుతోంది. నేను చూడటానికి వెళ్ళలేదు.

అక్టోబర్ 5, బుధవారం

పటేల్ పోతూ పోతూ మా ఇంటి ముందు కారు ఆపాడు. నాయినే ఫోన్ చేసి చెప్పాడట, మార్చాల్సిన పని పడింది, కానీ సీలు పోయింది అని. పటేల్ లోపలికి వచ్చి డబ్బా చూశాడు. గీకిన మరక చూశాడు. ఇంట్లో అమ్మ ఉంది, కావ్య ఉంది, పక్కింటి శివమ్మ ఉంది.

"ఏం బిక్షపతీ, బోరు మోటరనుకున్నవా దీన్ని? పెద్ద పెద్ద సదువులు సదివినోళ్లే ముట్టరు. నీకెందుకయ్యా గీ పాడు పని? నా ఇజ్జత్ తీస్తివి గా షాపోని దగ్గర."

నాయిన చేతులు కట్టుకుని నిలబడ్డాడు. తప్పైంది పటేలా అన్నాడు. మార్చాల్సిన పని ఎందుకు పడింది అని పటేల్ అడిగితే, స్క్రీన్ నచ్చలేదు అన్నాడు. నా పేరు చెప్పలేదు. లాక్ మాట ఎత్తలేదు.

నేను తలుపు పక్కనే ఉన్నాను. తప్పు నాదీ అని అనాలి. తప్పు నాదీ. రెండే మాటలు. పటేల్ కారు స్టార్ట్ అయ్యేదాకా నా నోట్లోనే ఉన్నాయి.

శివమ్మ వెళ్ళాక కావ్య నా దగ్గరికి వచ్చింది. "నీ కోసం తిట్లు తిన్నడు నాయిన. నువ్వు గోడ లెక్క నిలవడ్డవ్" అంది. నిజమే. గోడ అయినా ఎవరైనా ఆనుకోవటానికి పనికొస్తుంది.

సాయంత్రం నాయిన నన్ను పిలిచాడు. తిడతాడనుకున్నాను. లాక్ తెమ్మన్నాడు. కంప్యూటర్ మూత మళ్ళీ తీసి, టార్చి వేసి, లోపల పచ్చ అట్టలా ఉన్న బోర్డు మీద ఒక మూల చూపించాడు. రెండు వరుసల్లో సన్నటి సూదులు, దేనికీ తగిలించకుండా ఖాళీగా ఉన్నాయి.

"శనివారం నుంచి దీని మీదనే ఉన్నది నా పానం. ఇరువై ఐదున్నయ్. ఒక కొనకు సూది లేదు, కావాల్ననే తీసిండ్రు. తీగ లేకుంట గిన్ని సూదులు ఎందుకు ఉంచుతరు ఎవలన్న? అడుగుదామంటె ఎవలనడగాలె? పటేల్‌నడిగితె నవ్వుతడు."

లాక్ పక్కన పెట్టి చూపించాడు. దీనికీ ఇరవై ఐదు.

ఐదు రోజులు ఆయన దగ్గర సూదులు ఉన్నాయి. నా దగ్గర లాక్ ఉంది. ఒకే ఇంట్లో, ఒకే కంచం దగ్గర. ఇద్దరం వేళ్ళతో లెక్కపెట్టుకుంటూ తిన్నాం.

అక్టోబర్ 6, దసరా

పూజ అయింది. కంప్యూటర్‌కు బొట్లు పెట్టారు. కావ్యకు స్క్రీన్ చాలా నచ్చింది.

నేనూ నాయినా షాపులో కూర్చున్నాం. పండుగ పూట షట్టర్ సగం దించి. ప్రభాకర్ సార్ పాడైపోయిన పాత కంప్యూటర్ ఒకటి తుక్కు కింద మా షాపులోనే పడేసి పోయాడు. దాని వెనక నుంచి ఇరవై ఐదు రంధ్రాల గులాబీ రంగు ముక్క ఊడదీశాం. నాయిన ఇరవై ఐదు తీగలు కత్తిరించి, నిప్పుల్లో కాల్చిన టంకం కడ్డీతో ఒక్కొక్కటీ అతికించాడు. అంత సన్న పని ఆయన చేస్తుంటే మొదటిసారి అంత దగ్గర నుంచి చూశాను. ఊపిరి బిగబట్టి అతికిస్తాడు, తర్వాత వదులుతాడు. ఒకటో సూదికి ఒకటో రంధ్రం, రెండుకు రెండు, అలా వరుసగా.

నాలుగింటికి కరెంటు వచ్చింది. ఇంటికి పోయి తగిలించాం. సీడీ వేసి లాక్ పెట్టాం.

తెరుచుకోలేదు.

మళ్ళీ చూశాం. తీగలన్నీ సరిగ్గానే ఉన్నాయి. అయినా తెరుచుకోలేదు. నాయిన తప్పు ఎక్కడుందో తెలియక తన బొటనవేలు చూసుకుంటున్నాడు, టంకం కడ్డీ తగిలి కాలింది. వరుస అది కాదేమో అన్నాను. అయితే ఏ వరుసో తెలిసినోళ్ళను అడగాలి అన్నాడు. బిల్లు మీద షాపు నంబరు ఉంది. నాకేసి జరిపాడు.

"నాకు వాటి ఇంగ్లీషు పేర్లు రావు. నువ్వే అడగాలె."

మెసేజీ పెడతానన్నాను. అది దుకాణం ఫోను, తీగ ఫోను. దానికి మెసేజీ పోదు.

అక్టోబర్ 7, శుక్రవారం

పొద్దున ఫోన్ చేయలేదు. బ్యాలెన్స్ లేదని అమ్మతో అన్నాను. అన్నాక ఆగిపోయాను. ఆ రోజు సికింద్రాబాద్ షాపులో కూడా ఇదే అనుకున్నాను. ఈ డైరీలోనూ అదే రాశాను. ఆ రోజు బ్యాలెన్స్ ఉంది. ముప్పై ఆరు రూపాయలుంది. సరే, రాశాను ఇప్పుడు.

పదకొండింటికి చేశాను. నాయిన పక్కనే కాగితం, పెన్సిల్ పట్టుకుని కూర్చున్నాడు. అవతల ఎవరో ఎత్తి హలో హలో అన్నాడు, పెట్టేయబోయాడు. నాయిన నా మోకాలు మీద కొట్టాడు. నోటికి వచ్చిందే మొదలుపెట్టాను. లాక్ అన్నాను, సూదులు అన్నాను, మోటర్ అని కూడా ఒకసారి అన్నట్టున్నాను. అతను నవ్వలేదు. ఆగమని, రిపేరు చేసే ఆయనకు ఇచ్చాడు. ఆయనకు రెండో మాటకే అర్థమైంది.

ఆ బోర్డులో సూదుల వరుస వంకరగా పోతుందట. ఒకటి తర్వాత పద్నాలుగు, తర్వాత రెండు, తర్వాత పదిహేను. ఆయన చెప్తుంటే నేను పైకి చెప్పాను, నాయిన రాసుకున్నాడు. చివర్లో ఆయన అన్నాడు.

"దానికి తయారున్న కేబులే ఉంటది తమ్మీ. మా దగ్గర డబ్బాడు పడున్నయ్. మొన్న కొన్ననాడు ఒక్క మాట అడిగితె ఊరికెనే ఇస్తుంటిమి."

ఫోన్ పెట్టేశాక టైం చూశాను. నాలుగు నిమిషాలు. పద్దెనిమిదో తారీఖు నుంచి ఇవాళ్టిదాకా ఇరవై రోజులు, నాలుగు నిమిషాలు.

బల్ల మీద చేత్తో కొట్టాను, నొప్పి పుట్టేదాకా. నాయిన చూశాడు. అతనేమన్నాడని అడిగితే చెప్పాను. ఊరికే ఇచ్చేవాళ్ళట అని. ఆయన పెన్సిల్ చెవి మీద పెట్టుకున్నాడు. తర్వాత పెద్దగా నవ్వాడు. నాకు నవ్వు రాలేదు. ఇప్పటికీ రావటం లేదు.

అక్టోబర్ 8, శనివారం

తీగలు విప్పి మళ్ళీ అతికించాం. తెరుచుకుంది.

అ అని కొట్టాను. వచ్చింది. నాయిన తన పేరు కొట్టమన్నాడు. తర్వాత మదన్ మోహన్ పటేల్ అని కొట్టమన్నాడు. అది చూసి, చెరిపెయ్ అన్నాడు.

అక్టోబర్ 10

కావ్య పొద్దున వాడుకుంటుంది, నేను మధ్యాహ్నం. కరెంటు ఎవరి వంతులో పోతే వాళ్ళ అదృష్టం. రెండు లగ్గం పత్రికలు వచ్చాయి. కాగితాలు అమ్మ తీసుకుని లోపలికి ఇచ్చింది. ఇలాగే కావాలి నాకు. అమ్మ తలుపు దగ్గర, నేను గోడ వైపు. ప్రింటు చౌరస్తాలో జిరాక్స్ దుకాణంలో.

అక్టోబర్ 12, బుధవారం

ఈ రోజు అమ్మ నాట్ల కూలీ లెక్క అడగటానికి వెళ్ళింది, ఇంట్లో ఎవరూ లేరు. ఆగమ్మ అని ఒక ముసలామె వచ్చింది. చేతిలో కాగితం గీగితం ఏమీ లేదు. పింఛను ఏడు నెలల నుంచి ఆగిందట, దరఖాస్తు రాయాలట. ఆఫీసులు సమ్మెలో ఉన్నాయి కదమ్మా, ఎవరికిస్తావు అని అడగబోయి ఆగాను. అడగకుండానే ఆమె చెప్పింది, "తెరిసిననాడు అందరికన్న ముందు నాదే ఉండాలె."

కాగితం లేకపోతే టైపు చేసేది ఎలా? ఆమె చెప్పాలి, నేను అడగాలి. పేరు అడిగాను. భర్త పేరు అడిగాను. ఏ నెలలో ఆగింది, ఎవరిని కలిశావు, ఏమన్నారు. ఒకటి అడిగితే పది చెప్తుంది, అన్నం పెట్టని కొడుకు ముచ్చటతో సహా. అందులో ఏది కావాలో ఏది వద్దో మళ్ళీ అడగాలి. గంట పట్టింది. అయిపోయింది, ప్రింటు తెస్తాను, కూర్చో అని లేచాను.

ఆమె లేవనియ్యలేదు. "సదివి ఇనిపియ్యి బిడ్డా. ఏలు ముద్ర ఏసేది నేను. నువ్వు అండ్ల ఏం రాసినవో నాకు తెల్వాలె గద?"

చదివాను. స్క్రీన్ దగ్గరికి మొహం పెట్టి, నాకే వినబడనట్టు చదివాను.

"ఇనవడలే. జర పెద్దగ."

మళ్ళీ చదివాను.

"గా నా కొడుకు ముచ్చట రాలే అండ్ల. గది గూడ రాసి, మళ్ల సదువు."

మూడోసారి చదివేసరికి వాకిట్లో మరో ఇద్దరు ఆడవాళ్ళు వచ్చి నిలబడి వింటున్నారు. ఒకామె కళ్ళు తుడుచుకుంటోంది. చెమటతో నా అంగీ వీపుకు అంటుకుపోయింది. ఆగమ్మ వేలుకు సిరా అంటించుకుని తల ఊపింది. ఇప్పుడు మంచిగుందట. ఆఫీసుల సార్లు కూడా ఇంత మంచిగ చదివి చెప్పరట. రేపు వాళ్ళ వాడ నుంచి ఇంకో నలుగురిని తోలుకొస్తానని చెప్పి పోయింది. వాళ్ళలో ఎవరికీ చదువు రాదు. అందరికీ చదివి వినిపించాలట.

నలుగురు. ఒక్కొక్కరికి మూడుసార్లు.

ఇంట్లో కంప్యూటర్ పెట్టుకుంటే ఎవరితోనూ మాట్లాడే పని ఉండదనుకున్నాను. మీరైనా అదే అనుకునేవాళ్ళు కదా?